క్షయా కాదు, క్యాన్సరూ కాదు

తిరుమలగిరి మార్కెట్ యార్డులో వానాకాలం వడ్లు కుప్పలు పడుతున్న రోజులు. చాట కూలీలు పొద్దున దిగితే దీపాలు పెట్టేదాకా నడుమెత్తే తీరిక ఉండదు. కాంటా దగ్గర కిందపడ్డ గింజలు ఊడ్చాలి, చాటతో చెరగాలి, తాలు తీసి మళ్లీ బస్తాలో పోయాలి. కళ్లలో దుమ్ము, ముక్కులో దుమ్ము. దగ్గని మనిషి యార్డులో ఉండరు. అందుకే ఆ కూలీల్లో ఒకామె దగ్గును ఎవరూ పట్టించుకోలేదు, ఆమె అసలే పట్టించుకోలేదు. నోటికి అడ్డం పెట్టుకున్న కొంగు మీద నెత్తుటి చార కనబడిన నాడు మాత్రం చాట పక్కన పెట్టి కూలబడింది.

"ఏందక్కా, కండ్లు తిరుగుతున్నయా?" అడిగింది పక్కనున్నామె.

"ఏం లే. దుమ్ము వడ్డది." కొంగు మడిచి బొడ్లో దోపుకుంది.

ముందే ఒక మాట చెప్పాలి. ఈ గాథలో ఆమె ఏ ఒక్క ఇంటి మనిషీ కాదు, అందుకే పేరు పెట్టలేదు. ఆమె ఊపిరితిత్తిలో తేలబోయే అరుదైన గడ్డ గురించి వైద్యులు దాదాపు డెబ్బై ఏళ్లుగా రాసిపెట్టిన సంగతులనూ, తిరుమలగిరి, మోత్కూరు, తుంగతుర్తి వైపు నుంచి ఛాతీ జబ్బుతో పట్నం పోయేవాళ్లు ఎక్కే గడపలనూ కలిపి అల్లిన పునఃకల్పన ఇది. గడ్డ నిజం. దాన్ని పోల్చుకోవడంలో ఎదురయ్యే చిక్కులు నిజం.

ఊళ్లో ఆర్ఎంపీ వీపు మీద స్టెతస్కోప్ పెట్టి నెమ్ము చేసిందన్నాడు. అయిదు రోజులు సూదులు, గోలీలు. దగ్గు తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదలైంది. ఈసారి పెనిమిటి పట్టుబట్టి పక్క పట్నంలోని ప్రైవేటు క్లినిక్‌కు తీసుకుపోయాడు. ఎక్స్‌రే తీశారు. కుడి ఊపిరితిత్తి కింది భాగంలో తెల్లటి గుండ్రటి మచ్చ.

"టీబీ లెక్కనే ఉంది. కోర్సు మొదలుపెడదాం."

తెమడ పరీక్ష రాయలేదు. దగ్గు, నెత్తురు, మచ్చ. ఈ మూడూ కలిస్తే మన దగ్గర టీబీ అనుకోవడంలో వింతేమీ లేదు. టీబీ అంత ఎక్కువ కాబట్టి చాలాసార్లు ఆ ఊహ నిజమవుతుంది కూడా. నా బాధ ఊహించినందుకు కాదు, ఊహతోనే ఆగిపోయినందుకు. ఆమెకు సాయంత్రం జ్వరం లేదు, రాత్రి చెమటలు లేవు, బరువు తగ్గలేదు. మచ్చ అంచు చెదిరినట్టు లేదు, గీసినట్టు నున్నగా ఉంది. వీటిని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. ప్రభుత్వ టీబీ కార్యక్రమంలో తెమడను సీబీనాట్, ట్రూనాట్ యంత్రాల మీద ఉచితంగా పరీక్షిస్తారు. క్షయ క్రిమి ఉందో లేదో, ఉంటే ప్రధానమైన మందుకు లొంగుతుందో లేదో కొన్ని గంటల్లో తేలుతుంది. ఆ పరీక్ష మొదటి రోజే జరగాల్సింది.

గోలీలు మింగిన మర్నాడే మూత్రం ఎర్రగా వచ్చింది. ఇది నెత్తురే అనుకుని ఆమె వణికిపోయింది. రిఫాంపిసిన్ మందు రంగు అదని చెప్పినవాళ్లు లేరు. ఇంట్లో ఆమెకు వేరే స్టీలు గ్లాసు, వేరే పళ్లెం వచ్చాయి. గ్లాసు మీద గుర్తుకు మేకుతో గీత గీశారు. ఎవరూ ఏమీ అనలేదు, కోడలు బాధపడుతూనే పెట్టింది. మనవణ్ని మాత్రం ఒళ్లోకి రానివ్వకుండా ఆమే దూరంగా తోసేది. యార్డులో సంగతి పొక్కింది. పక్కన కూర్చుని సద్ది తినే ఆడవాళ్లు కాస్త జరిగి కూర్చున్నారు.

రెండు నెలలయ్యాక మళ్లీ ఎక్స్‌రే. మచ్చ ఇసుమంత కూడా తగ్గలేదు. ఆకలి మాత్రం చచ్చిపోయింది.

పట్నంలో కొడుకు ఉప్పల్ వైపు ఒక గోదాములో పనిచేస్తాడు. "అమ్మా, ఇగ ఈడ వద్దు, నా దగ్గరికి రా" అన్నాడు. తొర్రూరు నుంచి వచ్చే హైదరాబాద్ బస్సు తిరుమలగిరి చౌరస్తాలో ఎక్కి, మోత్కూరు, భువనగిరి మీదుగా పోయారు. ఎర్రగడ్డ ఛాతీ దవాఖానా, పంజాగుట్ట నిమ్స్, రెడ్‌హిల్స్ క్యాన్సర్ దవాఖానా అని మన జిల్లాల వాళ్లకు కంఠతా వచ్చిన పేర్లు ఉన్నాయి. ఎర్రగడ్డ అంటే టీబీ, రెడ్‌హిల్స్ అంటే క్యాన్సర్. ఏ బస్సు ఎక్కాలో చెప్పేటప్పుడు కూడా రోగం పేరు తేలిపోయినట్టే మాట్లాడతారు. ఆమెకు ఏదో ఒకటి తేలితే చాలనిపించింది.

చివరికి ఒక పెద్దాసుపత్రిలో ఛాతీ వైద్యుడు ఫిల్మును లైటు పెట్టె మీద పెట్టి చాలాసేపు చూశాడు. తర్వాత ఆయన అడిగిన మొదటి ప్రశ్న ఎవరూ ఊహించనిది.

"అమ్మా, ఇంతకుముందు ఎప్పుడైనా ఛాతీ ఫొటో తీశారా? ఏ పని మీదైనా సరే."

ఆమె ఆలోచించింది. "గర్భసంచి ఆపరేషన్ అయిననాడు తీసిన్రు సార్. శాన ఏండ్లాయె."

"అది ఉందా?"

పెనిమిటి ఆ రాత్రే బస్సెక్కి ఊరికి పోయాడు. పెట్టెలో పట్టా పాసుపుస్తకం కింద, సొసైటీ రసీదుల మధ్య, అంచులు పసుపెక్కిన ఫిల్ము దొరికింది. ఊపిరితిత్తి నీడల్లో తలమునకలై పనిచేసే ఏ వైద్యుడైనా చెప్పే మాట ఇదే: పాత ఫిల్ముకు మించిన పరీక్ష లేదు. మచ్చ అప్పుడు లేకపోతే ఒక కథ, అప్పుడే ఉంటే మరో కథ. రెండేళ్లకు పైగా అంతే ఉన్న గట్టి మచ్చ క్యాన్సర్ అయ్యే అవకాశం బాగా తక్కువ. సాధారణంగా ఊపిరితిత్తి క్యాన్సర్ నెలల్లోనే పెరుగుతుంది. ఇంట్లో ఎక్స్‌రేలు పారేయకండని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

పాత ఫిల్ములో అదే చోట, ఎవరి కంటికీ ఆననంత చిన్నదిగా, మచ్చ ఉంది.

"ఏండ్ల నుంచి ఉంది. నెమ్మదిగా పెరిగింది" అన్నాడు వైద్యుడు. ఆయన గొంతులో మొదటిసారి కొంచెం తేలిక వినపడింది. అయినా మంచిదేనని చెప్పలేదు. చెప్పకూడదు కూడా. నెమ్మదిగా పెరిగే క్యాన్సర్లు లేకపోలేదు.

సీటీ స్కాన్‌లో గడ్డ మూడు సెంటీమీటర్ల పైన తేలింది. నరంలోకి రంగుమందు ఎక్కించగానే గడ్డంతా ధగధగా మెరిసింది, అంటే దానికి రక్తసరఫరా మెండుగా ఉందన్నమాట. నెత్తురు పడటానికి కారణం అదే కావచ్చు. ఊపిరితిత్తుల్లో వచ్చే నిరపాయకర గడ్డల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది హమార్టోమా. దానిలో కొవ్వు, సున్నపు చుక్కలు ఉంటే సీటీలోనే దాదాపు పోల్చేయవచ్చు. ఇందులో కొవ్వు లేదు, సున్నం లేదు. గుండ్రంగా, నున్నగా, నెత్తురు నిండిన గడ్డ. పొగ తాగని, నలభై దాటిన ఆడమనిషి.

అప్పుడు ముక్క పరీక్ష. బ్రాంకోస్కోపీ గొట్టం దిగింది కానీ గడ్డ ఊపిరితిత్తి అంచున ఉండడంతో దాన్ని అందుకోలేకపోయింది. సీటీ చూసుకుంటూ వీపు నుంచి సూది దించి వెంట్రుకంత సన్నటి ముక్క తీశారు. మూడు రోజులకు రిపోర్టు. టీబీ లక్షణాలేవీ లేవు. ఛాతీ వైద్యుడు టీబీ గోలీలు ఆపేయమన్నాడు. తెమడ పరీక్షలోనూ క్రిమి లేదు. రెండు నెలలు మందులు మింగాక చేసిన తెమడ పరీక్షకు పూర్తి విలువ ఉండదని మాత్రం ఆయన దాచలేదు. ముందే చేసి ఉంటే ఆ మాట ధైర్యంగా చెప్పేవాళ్లు.

రిపోర్టులో ఇంకో వాక్యం ఉంది. అడినోకార్సినోమా కావచ్చు, కాదని ఈ చిన్న ముక్కతో చెప్పలేం.

కొడుకు ఫోన్‌లో ఆ పేరు వెతికాడు. ఊపిరితిత్తి క్యాన్సర్‌లలో ఒకటి. బస్టాపులో నిలబడి నాయినకు ఫోన్ చేశాడు.

"ఎకరం అమ్ముదాం నాయినా."

"అమ్ముదాం. ఇంకేం చేద్దాం."

ఎకరం అమ్మాల్సిన పని పడలేదు. ఆసుపత్రి గేటు దగ్గర ఆరోగ్యశ్రీ డెస్కులో కూర్చున్న ఆరోగ్యమిత్ర ఆమె ఆహారభద్రత కార్డు చూసి ఆపరేషన్‌కు అనుమతి పెట్టించాడు. 2007 ఏప్రిల్‌లో ఈ పథకం మొదలైన మూడు జిల్లాల్లో మన మహబూబ్‌నగర్ ఒకటి.   2023 డిసెంబర్‌లో తెలంగాణలో ఈ పథకం హద్దును ఏడాదికి కుటుంబానికి 10 లక్షల రూపాయలకు పెంచారు. కార్డు లేని ఇల్లు మాత్రం ఈ డెస్కు దగ్గర ఒంటరిదే.

ఆపరేషన్ ఎందుకు, నిరపాయకరం కావచ్చు కదా అని పెనిమిటి అడిగాడు. న్యాయమైన ప్రశ్న. సర్జన్ నెమ్మదిగా చెప్పాడు. గడ్డ పెరుగుతోంది. నెత్తురు పడుతోంది. సూది తెచ్చిన ముక్క మాట తేల్చలేదు. గడ్డ మొత్తం చేతికొస్తే తప్ప పేరు తేలదు.

"ఊపిరితిత్తి మొత్తం తీస్తరా సార్?"

"లేదు. ఎంత తక్కువ తీయొచ్చో అంతే తీస్తాం."

ఆ ప్రశ్నకు ఒక చరిత్ర ఉంది. 1933 ఏప్రిల్ 5న అమెరికాలోని సెయింట్ లూయీలో ఎవార్ట్స్ గ్రాహం అనే సర్జన్, క్యాన్సర్ వచ్చిన సాటి వైద్యుడు జేమ్స్ గిల్మోర్‌కు ఒక వైపు ఊపిరితిత్తిని పూర్తిగా, ఒకే ఆపరేషన్‌లో తీసేశాడు. క్యాన్సర్ రోగి బతికి బయటపడ్డ అటువంటి మొదటి శస్త్రచికిత్స అదే. గిల్మోర్ ఆ ఒక్క ఊపిరితిత్తితోనే ఇంకా చాలా ఏళ్లు బతికాడు. గ్రాహం మాత్రం 1957లో ఊపిరితిత్తి క్యాన్సర్‌తోనే పోయాడు. ఇప్పుడు పక్కటెముకల మధ్య రెండు మూడు రంధ్రాలు చేసి, కెమెరా దించి, గడ్డ ఉన్న ముక్క వరకే కోసి తీయగలుగుతున్నారు.

ఆపరేషన్ రోజు మత్తు డాక్టర్ రెండు దారులున్న గొట్టం వేసి ఎడమ ఊపిరితిత్తికే గాలి పంపాడు. కుడివైపుది ముడుచుకుపోయింది. తెరమీద గులాబీ, నల్లచుక్కల ఊపిరితిత్తి. నల్లచుక్కలు పొయ్యి పొగవీ, రోడ్డు దుమ్మువీ. గడ్డ ఉన్న చోట ఉబ్బెత్తుగా ఉంది. సర్జన్ గడ్డ చుట్టూ ఉన్న మంచి కణజాలాన్ని కూడా కొద్దిగా కలుపుకుని, స్టేప్లర్‌తో కోసి సంచిలో బయటికి లాగాడు. సంచిని వెంటనే పాథాలజీకి పంపారు.

ఇక్కడ కథ ఆపరేషన్ గదిలోంచి పక్క భవనంలోకి, సూక్ష్మదర్శిని ముందు కూర్చున్న పాథాలజిస్ట్ దగ్గరికి మారుతుంది. రోగి ముఖం ఆమె ఎప్పుడూ చూడలేదు. ఈ కథలో అందరికంటే పెద్ద నిర్ణయం మాత్రం ఆమెదే.

కత్తితో కోయగానే గడ్డ చుట్టూ ఉన్న ఊపిరితిత్తి నుంచి దాదాపు తనంతట తానే విడివడింది. లోపల పసుపు కలిసిన గోధుమరంగు, మధ్య మధ్య పాత నెత్తురు మరకలు. చిన్న ముక్కను గడ్డకట్టించి, పలుచగా కోసి, రంగు పూసి, కొన్ని నిమిషాల్లో చూడాలి. ఫ్రోజెన్ సెక్షన్ అంటారు. అవతల సర్జన్ చేతులు కట్టుకుని ఎదురుచూస్తున్నాడు. క్యాన్సర్ అంటే ఆయన కుడి ఊపిరితిత్తి కింది లోబ్ (భాగం) మొత్తం, దాంతోపాటు లింఫు గ్రంథులు తీయాలి. కాదంటే ఇక్కడే ఆపి కుట్టేయాలి.

గడ్డకట్టిన ముక్కలో కణాలు వేళ్లలా లేచి నిలబడ్డాయి. ఒక్క చూపుకు అడినోకార్సినోమాయే. ఈ అరుదైన గడ్డ దగ్గర తొందరపడ్డ ఫ్రోజెన్ రిపోర్టులు ప్రపంచమంతటా వైద్య పత్రికల్లో ఉన్నాయి. అయినా ఆమె కళ్లు ఆ వేళ్ల లోపలికి పోయాయి. పైన ఒక వరుస కణాలు ఉన్నాయి సరే, కింద గుండ్రటి కణాలు సద్దుమణిగి కూర్చున్నాయి. విభజన చెందుతున్న కణాలు కనిపించలేదు. ఒకచోట గట్టి నారపీచు, ఇంకోచోట నెత్తురు గుంటలు.

ఆమె ఇంటర్‌కమ్ ఎత్తింది. "సార్, క్యాన్సర్ అని ఇప్పుడు చెప్పను. నిరపాయకరం వైపే ఉంది. పక్కా పేరు పారాఫిన్ మైనంలో పెట్టిన ముక్కల మీద చెబుతాను."

సర్జన్ లోబ్ తీయలేదు. కుట్టేశాడు. నాకు ఈ కథలో అన్నిటికంటే గౌరవం కలిగించేది ఈ ఇంటర్‌కమ్ మాటే. తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పి ఉంటే రోగి కింది లోబ్ అనవసరంగా పోయేది.

తర్వాత వారం రోజులూ పాథాలజిస్ట్ దగ్గర ఒకే ప్రశ్న. ఈ గడ్డ ఎక్కడి నుంచి పుట్టింది? వైద్యం ఈ ప్రశ్నకు తప్పు జవాబుతో నాలుగు దశాబ్దాలకు పైగా గడిపింది. 1956లో యేల్ విశ్వవిద్యాలయ పాథాలజిస్ట్ అవెరిల్ లీబో, హబ్బెల్ అనే మరొకరితో కలిసి ఇలాంటి గడ్డలు 7 చూసి, క్యాన్సర్ అనే పత్రికలో మొదటిసారి వర్ణించారు. నెత్తురు గుంటలు అన్ని ఉండడం చూసి ఇది రక్తనాళాల గడ్డ అనుకున్నారు. స్క్లెరోజింగ్ హిమాంజియోమా అని పేరు పెట్టారు. పేరు పుస్తకాల్లోకి ఎక్కింది, అందరూ అదే చదివారు. 2000లో అమెరికా సైనిక దళాల పాథాలజీ సంస్థ 100 మంది గడ్డలను ఒకచోట చేర్చి కొత్త రంగులతో పరిశీలించింది. 83 మంది ఆడవాళ్లు. సగటు వయసు 46. నూటికి 78 మందికి ఏ బాధా లేదు, వేరే పని మీద తీసిన ఎక్స్‌రేలో బయటపడినవే. పైకణాలూ, కింది గుండ్రటి కణాలూ రెండూ టీటీఎఫ్-1 అనే రంగును పట్టాయి. ఊపిరితిత్తి గాలి గదుల గోడ కణాలు పట్టే రంగు అది. రక్తనాళాలు పట్టవు. అంటే గడ్డ పుట్టింది ఊపిరితిత్తి కణాల్లోంచే. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాని పేరు స్క్లెరోజింగ్ న్యూమోసైటోమాగా మార్చి నిరపాయకర గడ్డలైన అడినోమాల వరుసలో చేర్చింది. ఇలాంటి చాలా గడ్డల్లో ఏకేటీ1 అనే జన్యువులో మార్పు ఉంటుందని ఆ తర్వాతి పరిశోధనలు చెప్పాయి.

చిక్కు ఏమిటంటే, ఊపిరితిత్తి అడినోకార్సినోమా కూడా అదే టీటీఎఫ్-1 రంగును పడుతుంది. ఆ ఒక్క రంగు చూసి తీర్పు చెబితే మళ్లీ క్యాన్సరే అవుతుంది. అందుకే పాథాలజిస్ట్ పక్కనే సైటోకెరాటిన్ రంగు వేసింది. పైకణాలు ముదురు గోధుమరంగుకు తిరిగాయి. కింది గుండ్రటి కణాలు దాదాపు పట్టలేదు. అవే కణాలు పక్క గాజుపలక మీద టీటీఎఫ్-1 మాత్రం పట్టి ఉన్నాయి. ఒకదాన్ని పట్టి, ఇంకోదాన్ని వదిలే ఆ గుండ్రటి కణాలే ఈ గడ్డ గుర్తు. అడినోకార్సినోమాలో అలాంటి రెండో జాతి ఉండదు. రెండు గాజుపలకలనూ పక్కపక్కన పెట్టి, అదే చోటును మళ్లీ మళ్లీ సరిచూసుకుని, ఆమె రిపోర్టు కింద సంతకం పెట్టింది.

వార్డులో అప్పటికి మన చాట కూలీ మూడు బంతుల డబ్బాతో కుస్తీ పడుతోంది. గొట్టం నోట్లో పెట్టుకుని గాలి పీలిస్తే లోపలి బంతులు లేవాలి. మొదటి రోజు ఒకటీ లేవలేదు. పక్కటెముకల మధ్య ఛాతీ గొట్టం, దాని కొస నీళ్ల సీసాలో. దగ్గితే బుడగలు వచ్చేవి. ఇన్నాళ్లూ దాచిపెట్టిన దగ్గును ఇప్పుడు నర్సులు దగ్గమని బతిమాలుతున్నారు.

"దగ్గమ్మా. గట్టిగా. తెమడ బయటికి రావాలె."

"నొస్తున్నది బిడ్డా."

"దిండు అదిమి పట్టుకొని దగ్గు."

బుడగలు ఆగాయి. గొట్టం తీసేశారు. రెండో బంతి లేచిన రోజున రిపోర్టు వచ్చింది. ఛాతీ వైద్యుడు మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. నిలబడి చెప్పి వెళ్లిపోయే తొందరలో చాలామంది ఈ మాటలు చెబుతారు. ఈయన కూర్చున్నాడు.

"అమ్మా, ఇది క్యాన్సర్ కాదు. మొత్తం వచ్చేసింది."

కొడుకు గోడకు ఆనుకుని ముఖం తిప్పుకున్నాడు. పెనిమిటి దండం పెట్టాడు. ఆమె మాత్రం వైద్యుడినే చూస్తోంది.

"టీబీ గూడ కాదా సార్?"

"కాదు. ముక్కలో దాని జాడే లేదు."

"మల్ల నా మనుమణ్ని ఎత్తుకోవచ్చా?"

"కుట్లు మానినంక ఎత్తుకో. ఇంట్లో అందరితో కలిసి తిను. గ్లాసు వేరే వద్దు."

గ్లాసు సంగతి ఆయనకు ఎవరు చెప్పారో ఆమెకు తెలియలేదు. ఎవరూ చెప్పి ఉండరు. ఛాతీ వైద్యులకు ఆ గ్లాసులు తెలుసు.

"మల్ల వస్తదా సార్ ఇది?"

చాలా అరుదు, అన్నాడాయన. ఈ గడ్డ కొద్దిమందిలో లింఫు గ్రంథులకు పాకిన దాఖలాలు ఉన్నాయి. అయినా ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో చాలామంది ఏ మందూ లేకుండా బాగానే బతికారు. కీమో అవసరం లేదు, కరెంటు పెట్టడం అవసరం లేదు. స్కాన్ మాత్రం మానొద్దు. పారాఫిన్ బ్లాకు నంబరు ఫైలు మీద పెద్ద అక్షరాల్లో రాసిచ్చాడు. ఇంకెక్కడ ఏ డాక్టర్ అనుమానపడ్డా ఆ నంబరుతో ముక్కను తెప్పించి మళ్లీ చూడొచ్చు.

"యార్డుకు పోవచ్చా?"

"మూడు నెలలు బరువు ఎత్తొద్దు. పోతే మూతికి గుడ్డ కాదు, మంచి మాస్కు కట్టుకో. దుమ్ముతో ఈ గడ్డ రాలేదు, కానీ దుమ్ము మంచిది కాదు."

స్కాన్‌కు ఎప్పుడు రావాలని కొడుకు అడిగితే, యాసంగి వడ్లు అయిపోయినంక వస్తానని ఆమె అడ్డుపడింది. వైద్యుడు తలూపలేదు. సీజన్ మొదలయ్యే ముందు వారానికే తేదీ వేసి, కాగితం కొడుకు చేతికిచ్చాడు.